కావర్నోమా మళ్లీ బ్లీడ్ అవుతుందా? రక్తపరీక్ష ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ చెల్లెలికి 27 ఏళ్లు. నాలుగు నెలల కిందట ఉన్నట్టుండి ఒక వస్తువు రెండుగా కనపడింది, ముఖం ఒక పక్క తిమ్మిరెక్కింది. ఎమ్మారై తీస్తే పాన్స్‌లో, అంటే మెదడును వెన్నుపాముతో కలిపే కాండం (బ్రెయిన్‌స్టెమ్) మధ్య భాగంలో, కావర్నోమా ఉందని, అది బ్లీడ్ అయిందని తేలింది. ఇప్పుడు చాలావరకు తేరుకుంది. సర్జన్ "ఇప్పుడే ముట్టుకోవద్దు, చూద్దాం" అన్నారు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అమెరికాలో ఏదో రక్తపరీక్ష వచ్చిందని, మళ్లీ బ్లీడ్ అవుతుందో లేదో అది ముందే చెబుతుందని ఎవరో మీకు వీడియో పంపారు. హైదరాబాద్‌లో ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది, "సేఫ్" అని వస్తే పెళ్లి చేయొచ్చా అని అడిగారు.

ముందుగా సూటిగా చెబుతాను. ఆ పరిశోధన నిజమే, మంచి పరిశోధన. కానీ మీ చెల్లెలి చేతికి ఇచ్చే రిపోర్టుగా అది ఇంకా మారలేదు. ఏ డయాగ్నస్టిక్ సెంటర్లోనూ మీరు డబ్బు కట్టి చేయించుకునే పరీక్ష కాదది. ఎవరైనా చేస్తామంటే ఆగండి, ఎందుకో కింద చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి కుటుంబాలతో కూర్చుని మాట్లాడుతున్నాను కాబట్టి, మీ ప్రశ్న వెనకున్న భయం నాకు తెలుసు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కావర్నోమా అంటే ఏమిటో ఒక్క మాటలో: మెదడులో సన్నటి రక్తనాళాలు పల్చటి గోడలతో, మల్బరీ పండులా గుత్తిగా ఏర్పడటం. లోపల రక్తం దాదాపు నిలిచిపోయినట్టు నెమ్మదిగా ఉంటుంది. దగ్గరగా ఉండాల్సిన కణాల మధ్య సందులు వదులై రక్తం కొద్దికొద్దిగా కారుతుంది. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. రెండు వందల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అప్పుడప్పుడు ఆ కారడం పెద్దదై లక్షణాలు వస్తాయి. మీ చెల్లెలికి జరిగింది అదే. ధమని చిట్లి మెదడంతా రక్తం నిండే బ్లీడ్ కాదిది. అందుకే ఆమె నడిచి ఇంటికొచ్చింది.

ఇప్పుడు రక్తపరీక్ష సంగతి.

దీనిమీద ఎక్కువ పని చేసింది షికాగో యూనివర్సిటీలో డాక్టర్ ఇస్సామ్ అవాద్ బృందం. 2018, 2019లో వాళ్లు వేసిన పత్రాల సారం ఇది. కావర్నోమా ఉన్నవాళ్ల రక్తం తీసి, ప్లాస్మా (రక్తంలోని ద్రవం) వేరు చేసి, అందులో వాపుకు, రక్తనాళాల పెరుగుదలకు, గోడల గట్టితనానికి సంబంధించిన ప్రోటీన్లను కొలిచారు. ఒక్కో ప్రోటీన్ విడిగా పెద్దగా ఏమీ చెప్పలేదు. నాలుగింటిని కలిపి, ఒక్కొక్కదానికి ఒక్కో వెయిటేజీ ఇచ్చి లెక్క కడితే, తర్వాతి ఏడాదిలో బ్లీడ్ కాబోయేవాళ్లనూ కానివాళ్లనూ చాలావరకు విడదీయగలిగారు. ఆ నాలుగు: సీడీ14, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, వీఈజీఎఫ్, రోబో4. మొదటిదీ చివరిదీ కణం గోడ నుంచి ఊడి రక్తంలో తిరుగుతున్న రూపంలో కొలుస్తారు.

ఈ నాలుగే ఎందుకు? ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. రోబో4 రక్తనాళాల లోపలి పొర కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండటానికి తోడ్పడుతుంది. వీఈజీఎఫ్ కొత్త నాళాలను మొలిపిస్తుంది, ఉన్న నాళాలను కారేలా చేస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఒంట్లో వాపు మొదలైందని చాటింపు వేసే అణువు. సీడీ14 సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పేగుల్లోని కొన్ని రకాల బ్యాక్టీరియా గోడల నుంచి ఊడిన ముక్కల్ని పట్టుకుని, టీఎల్ఆర్4 అనే గ్రాహకానికి అందించేది అదే. 2017లో పెన్సిల్వేనియా శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించింది ఏమిటంటే, ఆ టీఎల్ఆర్4 దారి తెరుచుకుంటేనే కావర్నోమాలు జోరుగా పుడుతున్నాయి, పేగుల్లో ఆ బ్యాక్టీరియా లేకపోతే బాగా తగ్గిపోతున్నాయి. 2020లో కావర్నోమా ఉన్న మనుషుల పేగుల్లోని బ్యాక్టీరియాలోనూ తేడా ఉందని షికాగో బృందం చూపించింది. అంటే రక్తంలో కనపడే ఈ ప్రోటీన్లు గుడ్డిగా ఏరినవి కావు. పేగు నుంచి మెదడు నాళం దాకా ఉన్న ఒక గొలుసులోని కొక్కేలు. ఆ తర్వాత వాళ్లు ప్రోటీన్లతో పాటు రక్తంలోని ఇంకా చిన్న అణువులను, అంటే మెటబోలైట్లను, కలిపి లెక్క మెరుగు పడుతుందేమో కూడా చూశారు.

ఇంత బాగుంటే మనకెందుకు రాలేదు?

ఒక కారణం కొలత. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా రక్తంలో మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో ఉంటుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. రక్తం తీశాక ఎంతసేపట్లో ప్లాస్మా వేరు చేశారు, ఎంత చల్లగా దాచారు, ఏ కంపెనీ కిట్ వాడారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. పరిశోధనశాలలో ఒకే చేతి మీద, ఒకే పద్ధతిలో చేస్తారు. మన దగ్గర కలెక్షన్ బాయ్ ఇంటికొచ్చి రక్తం తీసి, ఎండలో బండి మీద ఇంకో పది ఇళ్లు తిరిగి ల్యాబ్‌కు చేర్చే పద్ధతిలో ఆ అంకెకు అర్థం ఉండదు. పైగా పంటి ఇన్ఫెక్షనో, వైరల్ జ్వరమో, కీళ్లవాపో ఉంటే ఇవే ప్రోటీన్లు వేరే కారణంతో మారతాయి. అందుకే "ఐఎల్-1, వీఈజీఎఫ్ విడిగా చేస్తాం" అని ఏ ల్యాబ్ అయినా చెబితే చేయించకండి. "రీసెర్చ్ యూజ్ ఓన్లీ" అని రాసి ఉండే కిట్‌తో వచ్చిన అంకెను ఏ న్యూరోసర్జనూ వాడలేరు, వాడకూడదు. ఒంట్లో వాపును చూపే సీఆర్పీ, ఈఎస్ఆర్ చేయించి అవి ఎక్కువొచ్చాయని కంగారు పడేవాళ్లను కూడా చూశాను. విడిగా వచ్చిన ఆ అంకెలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేవు.

రెండో కారణం ఇంకా ముఖ్యం, మీ "సేఫ్" అన్న మాటకు నేరుగా సంబంధించింది. ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి నేను ఉదాహరణకు అనుకున్న అంకెలే, ఏ పరిశోధనలోవీ కావు. మీ చెల్లెలి లాంటివాళ్లు వంద మంది ఉన్నారనుకోండి. వచ్చే ఏడాదిలో వాళ్లలో పది మందికి మళ్లీ బ్లీడ్ అవుతుందనుకుందాం. మన పరీక్ష నూటికి ఎనభై పాళ్లు సరిగ్గా చెబుతుందనుకుందాం. వినడానికి చాలా గొప్పగా ఉంది కదా. ఆ పది మందిలో ఎనిమిది మందిని పట్టుకుంటుంది. కానీ బ్లీడ్ కాని తొంభై మందిలో కూడా పద్దెనిమిది మందికి "ప్రమాదం" అని చెబుతుంది. మొత్తం ఇరవై ఆరు మందికి చెడు రిపోర్టు వస్తుంది. వాళ్లలో పద్దెనిమిది మందికి ఆ ఏడాది ఏమీ కాదు, కానీ ఏడాదంతా నిద్ర ఉండదు. మిగతా డెబ్బై నాలుగు మందికి మంచి రిపోర్టు వస్తుంది. వాళ్లలో ఇద్దరికి బ్లీడ్ అవుతుంది. ఆ ఇద్దరిలో మీ చెల్లెలు లేదని ఆ కాగితం చెప్పలేదు.

పైగా ఈ లెక్క ఆ ఒక్క ఏడాదికే. ఈరోజు ప్రోటీన్లు ఎలా ఉన్నాయో చెబుతుంది తప్ప జీవితాంతానికి జాతకం రాయదు. రేపు పరీక్ష ఇంకా మెరుగై మన దగ్గరికి వచ్చినా, పెళ్లికి ముందు ఒకసారి చేయించి బీరువాలో పెట్టుకునే సర్టిఫికెట్‌గా మాత్రం అది పనికిరాదు.

మరి ఇంత కష్టపడి ఎందుకు చేస్తున్నారంటే, మొదటి ప్రయోజనం మందుల కోసం. కావర్నోమా బ్లీడ్‌ను ఆపుతుందని రుజువైన మందు ఇప్పటికి లేదు. ఒక మందును పరీక్షించాలంటే వందల మందిని ఏళ్ల తరబడి గమనించాలి, ఎందుకంటే ఎక్కువమందికి ఆ కాలంలో బ్లీడే కాదు. త్వరలో బ్లీడ్ అయ్యే అవకాశం ఎక్కువున్నవాళ్లను రక్తంతో ముందే ఏరగలిగితే, తక్కువ మందితో, తక్కువ కాలంలో మందు పనిచేస్తుందో లేదో తేలుతుంది. ఎమ్మారైలో కూడా అలాంటి కొలతలు తయారు చేశారు. కావర్నోమాలో ఇనుము ఎంత పేరుకుంది, నాళం ఎంత కారుతోంది అన్నవి అంకెల్లో చూపే పద్ధతులవి. నా అభిప్రాయం చెప్పమంటే, రేపు మన దగ్గరికి వచ్చేది రక్తం ఒక్కటే కాదు. రక్తం, ఎమ్మారై కలిపిన లెక్క వస్తుంది.

సరే, పరీక్ష లేదు కాబట్టి మనం చీకట్లో ఉన్నామా? లేము. మళ్లీ బ్లీడ్ అయ్యే అవకాశాన్ని ఈరోజు బాగా చెప్పగలిగే విషయాలు రెండున్నాయి, వాటికి రక్తం అక్కర్లేదు. ఒకటి, కావర్నోమా బ్రెయిన్‌స్టెమ్‌లో ఉందా, బయట ఉందా. రెండు, అది మొదట బయటపడినప్పుడు బ్లీడ్‌తో, లేదా కాలు చెయ్యి బలహీనత లాంటి లక్షణంతో, బయటపడిందా లేక వేరే దేనికో స్కాన్ తీస్తే కనపడిందా. 2016లో ఏడు పరిశోధన బృందాల రోగుల వివరాలు, మొత్తం 1,620 మందివి, ఒకచోట చేర్చి చూశారు. ఐదేళ్లలో బ్లీడ్ అయ్యే అవకాశం ఇలా తేలింది. బ్రెయిన్‌స్టెమ్ బయట ఉండి, బ్లీడ్ లేకుండా కనపడినవాళ్లకు 3.8 శాతం. బ్రెయిన్‌స్టెమ్‌లో ఉన్నా బ్లీడ్ లేకుండా కనపడినవాళ్లకు 8 శాతం. బయట ఉండి బ్లీడ్‌తో వచ్చినవాళ్లకు 18.4 శాతం. బ్రెయిన్‌స్టెమ్‌లో ఉండి బ్లీడ్‌తో వచ్చినవాళ్లకు 30.8 శాతం.

మీ చెల్లెలు చివరి గుంపులోకి వస్తుంది. దాచి ప్రయోజనం లేదు కాబట్టి చెబుతున్నాను. అయితే ఆ అంకెను రెండో వైపు నుంచి కూడా చదవండి. ఐదేళ్లలో వందలో దాదాపు డెబ్బై మందికి మళ్లీ కాదు. ఇంకో సంగతి, ఈ ప్రమాదం ఐదేళ్లూ ఒకేలా ఉండదు. బ్లీడ్ అయిన తర్వాత మొదటి రెండు మూడేళ్లు ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతూ వస్తుంది. అందుకే గడిచిన ప్రతి ప్రశాంతమైన ఏడాదీ ఆమె పక్షానే ఉంటుంది. నాలుగు నెలలే అయింది కనుక ఇప్పుడు ఎక్కువ జాగ్రత్త కాలం.

సర్జన్ ఆగుదామన్నారని మీకు అనుమానంగా ఉంది. అది నిర్లక్ష్యం కాదు. పాన్స్ అంటే చూపు, ముఖం, మింగడం, నడక, ఊపిరి అన్నిటి తీగలూ ఒక బొటనవేలంత చోటులో పోయే ప్రదేశం. అక్కడ కత్తి పెట్టడం వల్ల వచ్చే నష్టం ఒక బ్లీడ్ వల్ల వచ్చే నష్టం కన్నా ఎక్కువ కావచ్చు. 2017లో ప్రచురించిన నిపుణుల మార్గదర్శకాలు కూడా బ్రెయిన్‌స్టెమ్‌లో రెండోసారి బ్లీడ్ అయ్యాక, పైపొరకు దగ్గరగా ఉంటే, ఆపరేషన్ గురించి ఆలోచించమంటాయి. రెండో అభిప్రాయం కావాలంటే తప్పకుండా తీసుకోండి. నిమ్స్, బెంగళూరులోని నిమ్‌హాన్స్, తిరువనంతపురంలోని శ్రీచిత్ర లాంటి చోట్ల ఇలాంటి కేసులు చూసే అనుభవం ఉంది. వెళ్లేటప్పుడు ఫిల్ములు కాకుండా సీడీ పట్టుకెళ్లండి. ఎమ్మారైలో ఎస్‌డబ్ల్యూఐ అనే సీక్వెన్స్ ఉందో లేదో చూసుకోండి. చిన్న కావర్నోమాలు అది లేకపోతే కనపడవు. యాంజియోగ్రామ్ చేయిద్దామా అని అడిగారు. లోపల రక్తం అంత నెమ్మదిగా ఉంటుంది కనుక కావర్నోమా యాంజియోలో సాధారణంగా కనపడదు, దానికోసమే అది చేయించనక్కర్లేదు.

మందుల విషయం. మీకొచ్చిన వీడియోలో ప్రొప్రనోలాల్ (బీపీకి, గుండెకు వాడే పాత మందు) పేరు ఉందన్నారు. ఇటలీలో వంశపారంపర్య కావర్నోమా ఉన్న 83 మందితో ఒక ట్రయల్ చేశారు, 2023లో ఫలితం వచ్చింది. మందును బాగానే తట్టుకున్నారు, కొంచెం మేలు ఉన్నట్టూ కనపడింది. కానీ అంత చిన్న సంఖ్యతో అది మందు గొప్పతనమో, యాదృచ్ఛికమో తేల్చలేకపోయారు. ఆస్తమా ఉన్నవాళ్లకు, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకు ఆ మందు ప్రమాదం. సొంతంగా మొదలుపెట్టకండి. విటమిన్ డి తక్కువ ఉన్నవాళ్లలో జబ్బు కాస్త ఉధృతంగా ఉందని షికాగో బృందమే 2016లో చెప్పింది. అది సంబంధం మాత్రమే, మాత్ర వేసుకుంటే బ్లీడ్ ఆగుతుందని కాదు. అయినా మన ఆడపిల్లల్లో విటమిన్ డి లోపం చాలా మామూలు కాబట్టి, ఆ ఒక్క పరీక్ష చేయించి తక్కువుంటే సరిచేయడంలో తప్పు లేదు. ఇలాంటివాళ్లకు ఆస్పిరిన్ పొరపాటున కూడా ఇవ్వకూడదని అనేవాళ్లం. 2019లో ఆస్పిరిన్ లాంటి మందులు వాడుతున్నవాళ్లలో బ్లీడ్లు పెరగలేదు సరికదా, తక్కువే ఉన్నాయని గమనించారు. దాన్ని బట్టి ఆమెకు ఆస్పిరిన్ మొదలుపెట్టమని కాదు. ఎప్పుడైనా వేరే కారణంతో అవసరమైతే డాక్టర్లు కలిసి నిర్ణయిస్తారు. ఫిట్స్ మందు ఏదైనా రాసి ఉంటే, బాగుంది కదా అని ఆపొద్దు.

ఇక పెళ్లి. మీరు అడిగిన అన్నిటిలో నేను ఎక్కువసేపు ఆలోచించింది దీని గురించే.

వైద్యపరంగా పెళ్లికి అడ్డు లేదు. గర్భం వల్ల కావర్నోమా బ్లీడ్ ప్రమాదం పెరుగుతుందని చాలా ఏళ్లు భయపెట్టారు. 2017 మార్గదర్శకాల ప్రకారం గర్భిణిగా ఉన్నప్పటి ప్రమాదం మామూలు సమయంలో కన్నా ఎక్కువని ఆధారం లేదు. అయితే ఆమె విషయంలో, ఇప్పుడే బ్లీడ్ అయింది కాబట్టి, బిడ్డ కోసం ప్రయత్నించే ముందు కొంత కాలం ఆగి, ఒక ఎమ్మారై చూసుకుని, న్యూరాలజిస్టునూ గైనకాలజిస్టునూ కలిపి మాట్లాడించడం మంచిది.

పిల్లలకు వస్తుందా, మీకూ ఉందేమో అన్న ప్రశ్నకు సమాధానం రిపోర్టులోనే దొరకవచ్చు. కావర్నోమా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి, నూటికి దాదాపు ఎనభై మందికి, అది ఒక్కటే ఉంటుంది, వంశపారంపర్యం కాదు. పక్కనే డీవీఏ అనే పుట్టుకతో వచ్చిన సిర కనపడితే ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది. అలాంటప్పుడు మీకు గాని, అమ్మానాన్నలకు గాని స్కాన్ అక్కర్లేదు. అలా కాకుండా మెదడులో చాలాచోట్ల ఉంటే, ఇంట్లో ఎవరికైనా ఫిట్స్, చిన్న వయసులో మెదడులో బ్లీడ్ ఉన్న చరిత్ర ఉంటే, మూడు జన్యువులను చూసే పరీక్ష చేయిస్తారు: కేఆర్ఐటీ1, సీసీఎం2, పీడీసీడీ10. అలాంటి కుటుంబాల్లో ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మీ అమ్మానాన్నలది మేనరికం కాబట్టి వచ్చిందా అని మీ అమ్మగారు బాధపడుతున్నారని రాశారు. దయచేసి ఈ మాట ఆమెకు చదివి వినిపించండి: ఒకవేళ వంశపారంపర్యమే అయినా, ఇది తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి ఒక్క జన్యువు వస్తే చాలు వచ్చే రకం. మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. ఆమె తప్పేమీ లేదు.

అవతలి కుటుంబానికి చెప్పాలా వద్దా అన్నది వైద్య ప్రశ్న కాదు, కానీ దాచిన ఇళ్లలో ఏం జరిగిందో నేను చూశాను కాబట్టి చెబుతాను. పెళ్లైన ఆరు నెలలకు అర్ధరాత్రి తలనొప్పి, వాంతులతో ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. ఆమెకు కావర్నోమా ఉందని పక్కనున్న భర్తకే తెలియదు. ఆ రాత్రి గ్యాస్ అనుకుని ఆసుపత్రికి రావడంలో నాలుగు గంటలు పోయాయి. ఆమె బతికింది, నడుస్తోంది. కానీ ఇంట్లో పక్కనుండే మనిషికి తెలియడం ఏ రక్తపరీక్ష కన్నా ఎక్కువ రక్షణ అని నాకు ఆ రోజు బలంగా అనిపించింది. నిర్ణయం మీ చెల్లెలిదే. ఆమెను కూర్చోబెట్టి అడగండి. మీరు రాసిన అన్ని పేజీల్లో ఆమె ఏమంటోందో ఒక్క వాక్యం లేదు.

ఇంట్లో అందరికీ తెలియాల్సినవి ఇవి: మళ్లీ రెండుగా కనపడటం, ముఖం లేదా ఒక పక్క కొత్తగా తిమ్మిరి, మాట ముద్దగా రావడం, మింగుతుంటే పొలమారడం, నడుస్తుంటే ఒక పక్కకు తూలడం, ఎప్పుడూ లేనంత తలనొప్పితో వాంతులు, ఫిట్స్. వీటిలో ఏది వచ్చినా ఇంట్లో మాత్ర వేసి చూడొద్దు, 108కి ఫోన్ చేసి, ఎమ్మారై ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. వారంలోపు ఎమ్మారై తీస్తే కొత్త రక్తం బాగా తెలుస్తుంది. పాత స్కాన్ సీడీ అందరికీ తెలిసిన చోట పెట్టండి, పోల్చడానికి అదే కావాలి.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. మెదడులో బ్లీడ్ అన్నీ ఒకటి కావు. బీపీ వల్ల లోపలి భాగంలో బ్లీడ్ అయినవాళ్లకు రెండోసారి రాకుండా ఆపేది బీపీ తగ్గించడమే. 2001లో వచ్చిన ప్రోగ్రెస్ ట్రయల్ నుంచి ఇది గట్టిగా తెలుసు. ఆ ఇంట్లో కావాల్సింది చేతికి కట్టే బీపీ మిషను. పెద్ద వయసులో మెదడు అంచుల్లో బ్లీడ్ అయితే అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకోవడం కారణం కావచ్చు. అక్కడ రక్తంతో చేసే ఏపీఓఈ జన్యు పరీక్ష కొంత చెబుతుంది. 2000లో వచ్చిన ఒక పరిశోధనలో ఇ2 లేదా ఇ4 రకం ఉన్నవాళ్లలో రెండేళ్లలో 28 శాతం మందికి, లేనివాళ్లలో 10 శాతం మందికి మళ్లీ బ్లీడ్ అయింది. అయినా దాన్ని బట్టి వైద్యం మారదు కాబట్టి మేం మామూలుగా చేయించం. తలకు దెబ్బ తగిలినప్పుడు వాడటానికి అమెరికాలో 2018లో అనుమతి వచ్చిన జీఎఫ్ఏపీ రక్తపరీక్షను కూడా దీనితో కలిపేసి కొన్ని వీడియోలు తిరుగుతున్నాయి. అది సీటీ స్కాన్ అవసరమా కాదా అని చూడటానికి, మళ్లీ బ్లీడ్ అవుతుందా అని చూడటానికి కాదు.

మీరు ఇప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. ఎమ్మారై రిపోర్టు తీసి మూడు విషయాలు వెతకండి: కావర్నోమా ఒక్కటేనా, పక్కన డీవీఏ అన్న మాట ఉందా, అది పాన్స్ పైపొరను తాకుతోందా లేక లోతుగా ఉందా. పేరు, ఫోన్ నంబరు తీసేసి ఆ మూడు వాక్యాలు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.